కేప్ కాదు, మల్లె కాదు – గంధరాజం కథ

వసంతకాలంలో హ్యూస్టన్‌లో ఏ నర్సరీకి వెళ్ళినా ముందు వరసలోనే ఒక మొక్క కనిపిస్తుంది. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు, వాటి మధ్య మీగడరంగు ముద్దపువ్వులు, పది అడుగుల దూరం నుంచే మనిషిని పట్టి లాగే వాసన. కుండీకి గుచ్చిన చీటీ మీద గార్డెనియా అని రాసి ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో పాతకాలపువాళ్ళు దాన్నే కేప్ జాస్మిన్ అంటారు. ఈ రెండు పేర్లలోనూ నిజం పాలు బహు తక్కువ. కేప్ అంటే ఆఫ్రికా దక్షిణపు కొస; ఈ మొక్క అక్కడ పుట్టలేదు. జాస్మిన్ అంటే మల్లె. ఇది మల్లె కాదు, మల్లెకు దూరపు చుట్టం కూడా కాదు. పోనీ గార్డెనియా అయినా తోట అన్న మాట నుంచి వచ్చిందా అంటే అదీ లేదు. గార్డెన్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి ఈ పువ్వును కనిపెట్టలేదు, పెంచలేదు, దానికి తన పేరు పెడుతున్న రోజుల్లో దాన్ని కళ్ళతో చూసి కూడా ఉండడు.

ఈ దేశానికి వచ్చాక మన పేర్లు ఎన్ని ముక్కలయ్యాయో, ఏ ముక్క ముందుకు పోయి ఏ ముక్క చివర చేరిందో మనకు తెలుసు గనక ఇందులో పెద్ద వింతేమీ కనిపించకపోవచ్చు. కానీ ఆ తప్పు పేర్ల వెనక ఉన్న మనుషుల్ని వెతుక్కుంటూ పోతే నాకు ఒక వలసదారుడి కథ దొరికింది. మూడు ఖండాల మీదుగా నడిచే కథ. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు మొక్క పుట్టిల్లు చూద్దాం. అది చైనా. అక్కడ దీన్ని 'జిర్జి' అన్నట్టుగా పలుకుతారు. మనం వాసన కోసం పెంచుకునే ఈ పొదను వాళ్ళు మొదట పెంచింది పువ్వు కోసం కాదు, కాయ కోసం. రేకపువ్వు పూసే మొక్కకు నారింజరంగు కాయలు కాస్తాయి. వాటిని నలిపి నీళ్ళలో వేస్తే చక్కటి పసుపు రంగు దిగుతుంది. కుంకుమపువ్వులో ఉండే రంగుపదార్థమే ఇందులోనూ ఉంది. హాన్ చక్రవర్తుల కాలానికే ఈ రంగు బట్టలకు వాడేవారు. రెండువేల ఏళ్ళ కిందటి చైనా చరిత్రకారుడు సిమా చియెన్ తన బృహద్గ్రంథంలో ధనవంతుల గురించి చెబుతూ, ఈ మొక్కా మంజిష్ఠా వెయ్యి 'మూ'ల పొలంలో వేసినవాడి ఆదాయం వెయ్యి గడపలున్న ఊళ్ళను ఏలే ప్రభువు ఆదాయానికి సమానమని లెక్క కట్టాడు. మన పొలాల్లో పసుపు, మిరప ఎలాగో అప్పుడక్కడ ఇది అలా వాణిజ్యపు పంట అన్నమాట.

జపాన్‌లో దీని పేరు 'కుచినాషి'. ఆ మాటకు 'నోరు లేనిది' అని అర్థం చెబుతారు, కాయ పండినా పగలదు గనక. వాళ్ళ 'గో' ఆట బల్లకు కాళ్ళు ఈ కాయ ఆకారంలో చెక్కుతారు. పక్కన కూర్చుని చూసేవాళ్ళు నోరు మూసుకుని చూడాలని దాని భావమట. మన శనివారం సాయంత్రాల పేకాట బల్లలకు కూడా అలాంటి కాళ్ళు చేయిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

మలేషియాలో ఉన్న మన తెలుగువాళ్ళు దీన్ని 'బుంగా చీనా' అంటే గుర్తుపడతారు. చైనా పువ్వు అని అర్థం. పుట్టిన చోటు చెప్పే పేరు అదొక్కటే.

మరి ఆఫ్రికా కేప్ ఎక్కడి నుంచి వచ్చింది? 18వ శతాబ్దం మధ్యలో గొడాల్ఫిన్ అనే ఈస్టిండియా ఓడ కెప్టెన్ హచిన్సన్ ఇంగ్లండుకు తిరిగి వస్తూ గుడ్‌హోప్ అగ్రం దగ్గర ఆగాడు. ఒడ్డున నడుస్తూంటే వాసన పట్టుకుందట. వెతికితే ముద్దపువ్వుల పొద. వేళ్ళతో సహా పెకలించి తొట్టిలో పెట్టుకుని ఇంగ్లండు తెచ్చి రిచర్డ్ వార్నర్ అనే తోటల పిచ్చి ఉన్న పెద్దమనిషికి ఇచ్చాడు. తూర్పు దేశాల నుంచి వచ్చే ఓడలన్నీ మంచినీళ్ళకూ కూరగాయలకూ ఆగే రేవు అది. చైనా మొక్క అక్కడ దిగడంలో ఆశ్చర్యం లేదు. కానీ కెప్టెన్‌గారికి అదంతా తెలియదు. దొరికిన ఊరే పుట్టిన ఊరనుకున్నారు. పేరు పడిపోయింది.

వార్నర్ అద్దాల ఇంట్లో మొక్క పూసింది. చూసినవాళ్ళంతా మల్లె అన్నారు. ఆ కాలపు ఉద్దండ తోటమాలి ఫిలిప్ మిల్లర్ కూడా మల్లె కోవలోనే వేశాడు. ఒప్పుకోనివాడు జాన్ ఎల్లిస్ ఒక్కడే. వృత్తికి వ్యాపారి, ప్రవృత్తికి ప్రకృతి శాస్త్రవేత్త. ఆ రోజుల్లో స్వీడన్‌లో కూర్చుని లిన్నేయస్ ప్రపంచంలోని మొక్కలన్నిటినీ కేసరాలు లెక్కపెట్టి వర్గీకరిస్తున్నాడు. మల్లెలో కేసరాలు రెండే. దీని రేకపువ్వులో ఐదారు ఉంటాయి. కానీ ఇంగ్లండు చేరింది ముద్దపువ్వు. కేసరాలే రేకులుగా మారిపోయిన ముద్దపువ్వులో లెక్కపెట్టడానికి ఏం మిగులుతుంది? పండితులకు తగువు రావడానికి అదొక కారణం. ఎల్లిస్ మాత్రం ఇది పూర్తిగా కొత్త ప్రజాతి అని పట్టుబట్టాడు. ఆయనే గెలిచాడు. ఇవాళ మనకు తెలిసిందేమిటంటే ఈ పొద కాఫీ కుటుంబానిది. మన నూరువరహాలు, కదంబం, మలేరియా మందు ఇచ్చే సింకోనా, పైన చెప్పిన మంజిష్ఠ, అన్నీ దీని దాయాదులు. మల్లె ఏమో ఆలివ్ కుటుంబం.

కొత్త ప్రజాతికి కొత్త పేరు కావాలి. ఎల్లిస్ మొదట వార్నర్ పేరే పెడదామనుకున్నాడు. వార్నర్ వద్దన్నాడు. అప్పుడు ఎల్లిస్‌కు సముద్రం అవతల ఉన్న స్నేహితుడు గుర్తొచ్చాడు.

అలెగ్జాండర్ గార్డెన్ 1730లో స్కాట్లండులో పుట్టాడు. అబర్డీన్‌లోనూ ఎడింబరోలోనూ వైద్యం చదువుకున్నాడు. ఎడింబరోలో వృక్షశాస్త్రం చెప్పిన చార్లెస్ ఆల్‌స్టన్ వల్ల మొక్కల పిచ్చి పట్టుకుంది. 1752లో దక్షిణ కరొలైనాకు వచ్చి, కొన్నాళ్ళకు చార్ల్స్‌టన్‌లో స్థిరపడ్డాడు. స్వదేశంలో చదువు, పరదేశంలో డాక్టరు ప్రాక్టీసు, పెళ్ళి, ఇల్లు, పలుకుబడి. మనవాళ్ళలో ఎంతమంది జీవితచరిత్రకు ఇదే సారాంశం సరిపోతుందో ఆలోచించండి. ఆయనకున్న బాధ కూడా మనకు తెలిసిందే. ఊళ్ళో డబ్బుంది, విందులున్నాయి, కానీ తనకిష్టమైన విషయం మాట్లాడుకోవడానికి మనిషి లేడు. వరి, నీలిమందు గురించి తప్ప మొక్కల గురించి మాట్లాడేవాడు అక్కడ కనపడడని ఉత్తరాల్లో వాపోయేవాడు. రాత్రిళ్ళు రోగుల్ని చూసి వచ్చి ఎల్లిస్‌కూ లిన్నేయస్‌కూ పేజీలకు పేజీలు రాసేవాడు. ఎండు మొక్కలూ, చేపలూ, కప్పలూ, పాములూ పెట్టెల్లో పెట్టి పంపేవాడు. కొన్ని ఓడలు చేరేవి, కొన్నిటిని శత్రు ఓడలు పట్టుకునేవి. వెనక కాళ్ళు లేని ఒక వింత ఉభయచరాన్ని ఆయన పంపితే లిన్నేయస్ దానికోసం తన వర్గీకరణలో కొత్త గదే కట్టవలసి వచ్చింది.

ఇంత చేసినవాడికి తన పేరుతో ఒక మొక్క ఉండాలని కోరిక ఉండదా? ఉండేది. న్యూయార్క్ ప్రాంతంలో ఉన్న జేన్ కోల్డెన్, అమెరికాలో తొలి మహిళా వృక్షశాస్త్రవేత్తగా చెప్పుకునే ఆవిడ, ఒక అడవి పువ్వుకు గార్డెనియా అని పేరు పెట్టబోయింది. కానీ దాన్ని అంతకుముందే ఎవరో వర్ణించేసి ఉండడంతో ఆ పేరు నిలవలేదు. ఈసారి ఎల్లిస్ అడిగితే లిన్నేయస్ కొంత నసిగాడు. ఆ మొక్కకూ గార్డెన్‌కూ ఏ సంబంధమూ లేదు కదా, జనం ఏమంటారో అని. చివరికి సరేనన్నాడు. 1760లో లండన్ రాయల్ సొసైటీలో చదివిన వ్యాసంలో, 1761లో అచ్చయిన వ్యాసంలో, ఆ పేరు లోకానికి తెలిసింది. విశేషణం 'జాస్మినాయిడిస్', అంటే మల్లె లాంటిది. మల్లె కాదని వాదించి గెలిచినవాడే పేరులో మల్లెను వదలలేకపోయాడు!

ఆ 1760లో చార్ల్స్‌టన్‌లో మశూచి విరుచుకుపడింది. మశూచి రసిని ఆరోగ్యవంతులకు ఎక్కించి రక్షించే పాత పద్ధతి తప్ప అప్పటికి మరో ఉపాయం లేదు. గార్డెన్ ఇంటింటికీ తిరిగి ఆ పనే చేస్తూ గడిపాడు. లండన్‌లో తన పేరు పువ్వుకు అతుక్కుంటున్న నెలల్లో ఆయన చేతులకు ఉన్న వాసన వేరు.

ఇక్కడ ఆగి ఇంకో వాసన గురించి చెప్పాలి. ఎల్లిస్ అదే వ్యాసంలో మరో ప్రజాతికి కూడా పేరు పెట్టాడు. హలీసియా. దక్షిణాది అడవుల్లో తెల్లటి గంటల్లా పూసే చెట్టు. ఆ పేరు స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడి గౌరవార్థం. మొక్కల్లో నీరు ఎలా ఎక్కుతుందో కొలిచినవాడు, గాలి ఆడని ఓడల్లోకీ జైళ్ళలోకీ గాలిని తోసే యంత్రాలు తయారుచేసినవాడు. చార్ల్స్‌టన్ రేవుకు ఆఫ్రికా నుంచి బానిసల ఓడలు వచ్చినప్పుడు వాటిని తనిఖీ చేసే డాక్టర్లలో గార్డెన్ ఒకడు. ఆ ఓడల అడుగు అరల్లో తను చూసిన మురికినీ, దుర్గంధాన్నీ, దారిలో ఎంతమందిని శవాలుగా సముద్రంలోకి విసిరేస్తారో దాన్నీ ఆయన హేల్స్‌కు ఉత్తరంలో రాశాడు. లోకంలో అతి సుగంధమైన పువ్వుల్లో ఒకదానికి పేరిచ్చిన మనిషి ఆ వాసన కూడా మోశాడు. రాశాడే గాని దాని నుంచి బయటికి రాలేదు. 1771లో ఊరి బయట ఒట్రాంటో అనే తోట కొన్నాడు. బానిసల చెమట లేకుండా అక్కడ ఏ తోటా సాగేది కాదు, ఆయనదీ అంతే. ఆయన్ని మెచ్చుకునే పుస్తకాలు ఈ సంగతి మీదుగా గబగబా నడిచిపోతాయి. నాకు మాత్రం ఆ ఉత్తరం సంగతి తెలిశాక నర్సరీలో చీటీ చదివినప్పుడల్లా రేవు గుర్తొస్తుంది.

ఆయన జీవితపు చివరి భాగం మన ఇళ్ళకు ఇంకా దగ్గర. 1773లో ఆయన్ని రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకున్నారు. రెండేళ్ళలో విప్లవ యుద్ధం మొదలైంది. గార్డెన్ మనసు బ్రిటిష్ రాజు వైపే ఉంది. కొడుకును చదువుకని ఇంగ్లండు పంపాడు. ఆ కొడుకు, అతని పేరు కూడా అలెగ్జాండరే, తిరిగి వచ్చి అమెరికన్ సైన్యంలో చేరాడు. తండ్రేమో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1780లో కామ్డెన్ దగ్గర గెలిస్తే అభినందన పత్రం మీద సంతకం పెట్టాడు. మన తెలుగునాట జమీందార్లకు శాశ్వతంగా శిస్తు ఖాయం చేసిన పద్ధతి, అంతకుముందు 1793లో బెంగాలులో మొదలుపెట్టినది ఈ కార్న్‌వాలిసే.

1782లో కొత్త ప్రభుత్వం గార్డెన్ ఆస్తిని జప్తు చేసి దేశం వెళ్ళమంది. ముప్ఫై ఏళ్ళు ఉన్న ఊరు వదిలి, ఆ ఏడాది చివర బ్రిటిష్ సైన్యం ఖాళీ చేసినప్పుడు లండన్ ఓడెక్కాడు. కొడుకు ఇక్కడే ఉండిపోయాడు. తర్వాత యుద్ధ స్మృతుల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. అతనికి కూతురు పుడితే గార్డెనియా అని పేరు పెట్టుకున్నాడు. గార్డెనియా గార్డెన్. తండ్రిని మెత్తబరచడానికే పెట్టాడో, మమకారం కొద్దీ పెట్టాడో. ముసలాయన ఆ పిల్ల మొహం చూడడానికి ఒప్పుకోలేదని చెబుతారు. 1791లో లండన్‌లో పోయాడు.

పిల్లలు ఈ దేశం మనుషులైపోయారని మనం కూడా అలుగుతాం. మన అలకలు మహా అయితే సంక్రాంతి నుంచి ఉగాది దాకా. ఫోన్ ఉంది గనక సరిపోతోంది. ఆయనకు మధ్యన సముద్రం, దాని మీద యుద్ధం.

గార్డెన్ చార్ల్స్‌టన్‌లో మొక్కలు ఏరుతూ ఇల్లు విడిచిపోయే రోజులకు దగ్గరవుతుండగా ఇంకో స్కాట్లండు డాక్టరు మన గోదావరి సీమలో అదే పని మొదలుపెట్టాడు. విలియం రాక్స్‌బర్గ్. ఆయనదీ ఎడింబరో చదువే. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి, తోట వేసి, మిరియం మొదలు నీలిమందు దాకా పెంచి చూశాడు. ఊరి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకాల్లో మొక్కల తెలుగు పేర్లు కనబడతాయి. ఊళ్ళో మనిషిని 'దీన్నేమంటారు?' అని అడిగి రాసుకున్నవాడు గనక ఆయన పుస్తకం మీద నాకు గౌరవం. ఆయన వర్ణించినవాటిలో గార్డెనియా జాతులు కూడా ఉన్నాయి. మన కొండల్లో, మెట్ట అడవుల్లో ఉండే బిక్కి చెట్లు అవే. చాలామందికి తెలియనిది ఇదే. గార్డెనియా మనకు విదేశీ మొక్క అయినా దాని అన్నదమ్ములు మన అడవుల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి పసుపు తిరిగే పువ్వులు. కొన్ని బిక్కి జాతుల చిగుళ్ళ నుంచి కారే ఘాటైన బంకను పిల్లల నులిపురుగులకు మందుగా వాడేవారు. పెద్దబిక్కి కర్ర నున్నగా, గట్టిగా ఉంటుంది గనక దువ్వెనలు చేసేవారు. ఒక చెల్లెలు జడలోకి పువ్విస్తే ఒక అక్క దువ్వెన ఇచ్చిందన్నమాట.

చైనా గార్డెనియా మన పెరళ్ళకు వచ్చాక దానికి గంధరాజం అనే పేరు వచ్చింది. బెంగాలీలూ అదే మాట అంటారు. వాసనల్లో రాజు. ఊరు చెప్పదు, చుట్టం పేరు చెప్పదు, ఎవరి ఇంటిపేరూ చెప్పదు. ఉన్న గుణం చెబుతుంది. మా అమ్మ 2004లో మొదటిసారి హ్యూస్టన్ వచ్చి, పెరట్లో కుండీకి వేలాడుతున్న చీటీ చదివించుకుని, "ఇది గంధరాజంరా. మల్లె అంటారేమిటి వీళ్ళు? మల్లెని మాల కట్టొచ్చు. దీన్ని చెయ్యి తగిల్తే చాలు, కమిలిపోతుంది" అంది. ఎల్లిస్ రెండేళ్ళ తగువు అమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ ఆరు నెలల వీసాలో పువ్వు పూసిన ప్రతి ఉదయం ఒకటి దేవుడికి, ఒకటి తన ముడిలోకి.

జడలో పువ్వు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళడానికి మన ఆడవాళ్ళు ఈ దేశంలో ఎంత జంకారో 1970లలో వచ్చినవాళ్ళను అడిగితే చెబుతారు. కానీ ఈ దేశంలోనూ తలలో ఈ పువ్వే పెట్టుకుని చరిత్రలో నిలిచినవాళ్ళున్నారు. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలస్‌లో హ్యాటీ మెక్‌డేనియల్‌కు ఆస్కార్ ఇచ్చారు. 'గాన్ విత్ ద విండ్'లో దాసి పాత్రకు. ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి మనిషి ఆవిడ. ఆ హోటల్లోకి నల్లవాళ్ళను రానివ్వరు గనక నిర్మాత ప్రత్యేకంగా అడిగి రప్పించాడు. తోటి నటుల బల్ల దగ్గర కాక గోడ వారగా వేరే చిన్న బల్ల వేశారు. ఫొటోలు చూడండి. తలలో తెల్లటి గార్డెనియాలు. ఇక జాజ్ గాయని బిల్లీ హాలిడే సంగతి అందరికీ తెలిసిందే. జుట్టు ఒకచోట కాలితే దాన్ని కప్పడానికి మొదటిసారి ఈ పువ్వు పెట్టుకుందని ఒక కథ. తర్వాత అదే ఆవిడ గుర్తయిపోయింది. బానిస ఓడల రేవు డాక్టరు పేరున్న పువ్వు ఆ ఇద్దరి తలల మీదకు చేరడం ఎవరూ పథకం వేసి చేసింది కాదు.

హ్యూస్టన్‌లో మేముండే వైపు ఈ పువ్వుకు స్థానిక చరిత్ర కూడా ఉంది. పేర్‌లాండ్ మీనాక్షి గుడికి వెళ్ళేవాళ్ళు అదే దారిన ఇంకా దక్షిణంగా పోతే ఆల్విన్ వస్తుంది. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఆ ఊరు కేప్ జాస్మిన్‌కు పేరు పడ్డది. మొగ్గలు కోసి రైల్లో ఉత్తరాది నగరాలకు పంపేవారు. కోటు గుండీలో, గౌను భుజం మీద గార్డెనియా పెట్టుకోవడం ఫ్యాషన్‌గా ఉన్న కాలం అది. ఇప్పుడు ఆల్విన్ వైపు మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొంటున్నారు.

కొన్నాక పెరట్లో ఈ మొక్క వేస్తారు, రెండేళ్ళలో ఆకులు పసుపు తిరిగిపోయాయని ఫోన్ చేస్తారు. దీని అలకలకు కారణాలు అర్థమైతే పెంచడం అంత కష్టం కాదు. ఇది పులుపు నేల మొక్క. పీహెచ్ ఐదుకూ ఆరుకూ మధ్య ఉండాలి. మన హ్యూస్టన్ 'గంబో' నల్లమట్టీ, కుళాయి నీళ్ళూ క్షారం వైపు. నేలలో ఇనుము ఉన్నా క్షారంలో అది కరగదు, వేళ్ళకు అందదు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపుగా మారితే అది ఇనుము లోటే. ఎరువు దంచకండి. చీలేటెడ్ ఐరన్ పొడి ఇవ్వండి, గంధకం కొద్దిగా కలపండి, వాన నీళ్ళు పట్టి పోయండి. మట్టి ఎత్తు చేసి పైన్ బెరడు కలిపి నాటితే సగం గొడవ ఉండదు. కాఫీ పిప్పి వేస్తే పులుపొస్తుందని మనవాళ్ళలో గట్టి నమ్మకం. కాచి వడకట్టిన పిప్పిలో పులుపు దాదాపు మిగలదు. పైగా దాయాది ఎముకలు తెచ్చి పోసినట్టు!

మొగ్గ రాలడం ఇంకో అలక. రాత్రి వేడి అరవై, అరవై అయిదు ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర ఉంటే మొగ్గ బాగా కడుతుంది. ఆ తర్వాత రాత్రి వేడి పెరిగినా, నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయినా, కుండీ చోటు మార్చినా రాల్చేస్తుంది. న్యూజెర్సీ, మిషిగన్ వైపు ఇంట్లో పెంచేవాళ్ళకు శత్రువు చలి కాదు, హీటరు గాలి. గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళు పోసి పైన కుండీ పెడితే కొంత తేమ అందుతుంది. తెల్లదోమ, పిండినల్లి పడితే ఆకుల మీద మసి పూసినట్టు నల్లటి బూజు వస్తుంది. సబ్బునీళ్ళతో ఆకుల అడుగు తుడిస్తే చాలు. కత్తిరించేది పూత అయిపోగానే, వేసవి దాటకముందే. ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గల్ని కత్తిరించుకున్నట్టే.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా పొద నేలదాకా మాడిపోయింది. వీధిలో చాలామంది పీకేశారు. నేను ఏప్రిల్ దాకా ఆగాను. మొదలు దగ్గర గోటితో గీకితే పచ్చగా ఉంది. ఆ ఏడు పూయలేదు. మరుసటి మే నెలలో పూసింది.

వార్నర్ దగ్గర ఒక్క మొక్కే ఉన్న రోజుల్లో దాన్ని రెండు చేయడం ఎవరికీ చేతకాలేదు. లండన్ మైల్ ఎండ్‌లో నర్సరీ నడిపిన జేమ్స్ గోర్డన్ కొమ్మలు గుచ్చి సాధించాడు. ఐరోపా అంతటికీ మొక్కలు పాకింది ఆ తర్వాతే. ఆయన చేసిన పని జూన్, జూలైల్లో మీరూ చేయొచ్చు. ఆ ఏటి కొత్త కొమ్మ చివర అయిదంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, పీటు, పెర్లైటు కలిపిన తడిమట్టిలో గుచ్చి, పైన ప్లాస్టిక్ సంచి బోర్లించి నీడలో పెట్టండి. ఆరు వారాలు అటూ ఇటుగా వేళ్ళు పోస్తుంది. కిందటేడు ఆరు గుచ్చితే నాలుగు బతికాయి. రెండు పేర్‌లాండ్ వెళ్ళాయి, ఒకటి డాలస్ వెళ్ళింది. నాలుగోది మా అమ్మాయి తన అపార్ట్‌మెంట్ బాల్కనీకి పట్టుకుపోయింది. కుండీ మీద మార్కర్‌తో గంధరాజం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.